కంప్యూటరు ఆట, సైనికుని అభ్యాసం

సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు దగ్గరలో మోండా మార్కెట్ ఉన్నది. తెల్లవారక మునుపే అక్కడ కూరగాయల బండ్లు దిగుతాయి. ఉల్లిగడ్డల బస్తాలు, టమాటా తట్టలు, కొత్తిమీర కట్టలు, వాటి మధ్య మనిషి పక్కకు ఒరిగి నడవవలసిన సందులు. బేరాలు మందగించిన మధ్యాహ్నం వేళ ఏ బస్తా మీదనో కూర్చున్న కుర్రవాడు సెల్‌ఫోనులో తుపాకి ఆట ఆడుకుంటూ కనిపించటం ఈ రోజుల్లో వింత కాదు. అతని బొటనవేలి కింద ఒక చిన్న సైనికుడు పరుగెత్తుతాడు, గోడ చాటుకు పోతాడు, తుపాకి పేలుస్తాడు, దెబ్బ తిని పడిపోతాడు. మరుక్షణంలో మళ్లీ లేచి నిలబడతాడు.

ఈ ఊరికి సైనికులు కొత్త కాదు. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు ఏర్పడినది మొదలు ఇది దండు ఊరే. దండును ఆశ్రయించి బజార్లు పెరిగాయి. లష్కరు అంటే సేన అని అర్థం. ఆషాఢమాసంలో ఇక్కడ జరిగే జాతరను నేటికీ "లష్కర్ బోనాలు" అనే పిలుస్తారు. మార్కెట్‌కు ఉత్తరంగా కొద్ది మైళ్ల దూరంలో, తిరుమలగిరిలో, సైన్యానికి చెందిన ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగు కళాశాల ఉన్నది. సైనిక శిక్షణకు కావలసిన అనుకరణ యంత్రాలను రూపొందించటానికి మన సైన్యం ఏర్పరచిన సిమ్యులేటర్ డెవలప్‌మెంట్ డివిజన్ కూడా సికింద్రాబాదులోనే వెలసింది. 1993లో హైదరాబాదులో ప్రారంభమైన జెన్ టెక్నాలజీస్ అనే సంస్థ తుపాకి గురి నేర్పే యంత్రాలను, వాహనాలు నడపటం నేర్పే యంత్రాలను తయారు చేస్తూ వచ్చింది.

అటువంటి యంత్రం ముందు నిలబడిన యువకుడు కూడా తెర మీది బొమ్మను చూచే తుపాకి పేలుస్తాడు. అక్కడా తూటా లేదు, నెత్తురు లేదు. మరి బస్తా మీది కుర్రవానికి, యంత్రం ముందరి సైనికునికి తేడా ఏమిటి? ఇద్దరూ ఒకే పని చేస్తున్నారా? ఈ ప్రశ్న చూడటానికి చిన్నదే. కాని దీనికి సరియైన సమాధానం తెలియకపోతే ఒకచోట సైనికుని ప్రాణం పోవచ్చు. మరొకచోట మనవంటి వారు అబద్ధాన్ని నిజమని నమ్మవచ్చు. ఎట్లాగో చూద్దాం.

ఆట నుండి అభ్యాసం: పాత సంగతే

యుద్ధాన్ని ఆటగా మార్చటం మనకు కొత్త కాదు. రథ, గజ, తురగ, పదాతులతో కూడిన చతురంగ బలమే చదరంగంలోని బలగం. మన పల్లెల్లో రచ్చబండల మీద, గుడి అరుగుల మీద చెక్కి ఉండే పులిజూదం గీతలను మీరు చూచే ఉంటారు. మూడు పులులు ఒకవైపు, పదిహేను మేకలు మరొకవైపు. బలం తక్కువైనా సంఖ్య ఎక్కువైన పక్షం, సంఖ్య తక్కువైనా బలం ఎక్కువైన పక్షాన్ని ఎట్లా దిగ్బంధం చేయాలి అనేదే ఆ ఆటలోని సమస్య. సేనానులను బాధించే సమస్య కూడా ఇదే.

అయితే చదరంగంలో ఒక లోపం ఉన్నది. ఎదుటివాని పావులన్నీ మనకు కనపడుతూనే ఉంటాయి. నిజమైన యుద్ధంలో కొండ అవతల ఏమున్నదో ఎవరికీ తెలియదు. ఈ లోపాన్ని సవరించి, 1824లో ప్రష్యా దేశపు సైనికాధికారి రైస్విట్జ్ ఒక కొత్త ఆటకు నియమాలు ప్రచురించాడు. 1:8000 కొలత గల పటం మీద ఈ ఆట జరుగుతుంది. ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషాల కాలానికి సమానం. రెండు పక్షాలకు నడుమ ఒక మధ్యవర్తి ఉంటాడు. ఎవరికి ఎంత కనపడుతుందో అంత మాత్రమే అతడు వారికి చెబుతాడు. తుపాకి దెబ్బల ఫలితాన్ని పాచికలతోను, పట్టికలతోను నిర్ణయిస్తాడు. ప్రష్యా సైన్యం దీనిని తన అధికారుల శిక్షణలో చేర్చుకున్నది. ఈ మధ్యవర్తిని గుర్తుంచుకోండి. వ్యాసం చివర అతనితో మనకు పని ఉన్నది.

ఇరవయ్యవ శతాబ్దంలో కథ మరొక మలుపు తిరిగింది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుని తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారు చేసే కర్మాగారం ఉండేది. ఆర్గనులో గాలి నింపే తిత్తులనే ఉపయోగించి లింక్ 1929లో ఒక చిన్న బొమ్మ విమానాన్ని తయారు చేశాడు. లోపల కూర్చుని కర్రను కదిపితే అది నేలమీదనే అటూ ఇటూ ఒరుగుతుంది. విమానం నడపటం నేర్పటానికే అతడు దానిని తయారు చేశాడు. కాని మొదట దానిని కొన్నవారు తిరునాళ్లవంటి వినోదశాలల యజమానులు. పిల్లలు డబ్బులిచ్చి ఎక్కి ఊగేవారు. 1934లో అమెరికా సైనిక విమానదళం తపాలా సంచులను మోసే బాధ్యత తీసుకున్నది. మబ్బుల్లోను, చీకట్లోను కేవలం కొలత పరికరాలను చూచి నడపటం చేతకాక కొన్ని వారాల లోపలే పలువురు పైలట్లు మరణించారు. అప్పుడు సైన్యానికి లింక్ యంత్రం జ్ఞాపకం వచ్చింది. ముందుగా ఆరు యంత్రాలు కొన్నారు. రెండవ ప్రపంచ యుద్ధంలో లక్షలాది పైలట్లు ఆ యంత్రాల మీదనే అభ్యాసం చేశారు. నిన్నటి వినోదం నేడు శిక్షణ అయింది.

తెర మీద మార్కెట్‌ను కట్టటం

ఇప్పుడు కంప్యూటరు సంగతికి వద్దాం. మోండా మార్కెట్‌నే కంప్యూటరు లోపల కట్టాలి అనుకోండి. ఏమి చేయాలి?

మొదట సందుల పొడవు, వెడల్పు, గోడల ఎత్తు కొలవాలి. ప్రతి మూలకు మూడు సంఖ్యలు ఇవ్వాలి: తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత, ఎత్తు ఎంత. గణితంలో వీటినే నిరూపకాలు అంటాం. ఇటువంటి మూడు బిందువులను కలిపితే ఒక త్రిభుజం. గోడ అయినా, తట్ట అయినా, మనిషి ముఖమైనా త్రిభుజాల కూర్పే. దీర్ఘచతురస్రాకారపు గోడకు రెండు త్రిభుజాలు చాలు. గుండ్రని గుమ్మడికాయకు వందలు కావాలి. తరువాత ఆ త్రిభుజాలకు రంగు, గరుకుదనం తెలిపే ఫోటోలను అతికిస్తారు. సూర్యుడు ఎటువైపు ఉన్నదీ చెబితే, ఏ త్రిభుజం మీద ఎంత వెలుతురు పడుతుందో యంత్రం లెక్క కడుతుంది.

చూచేవాని కన్ను ఎక్కడ ఉన్నదీ తెలిస్తే, ప్రతి త్రిభుజం తెర మీద ఏ స్థలంలో పడుతుందో సరూప త్రిభుజాల నియమంతో కట్టవచ్చు. పదవ తరగతి విద్యార్థికి తెలిసిన లెక్కే ఇది. కాని దానిని సెకనుకు 60 సార్లు, లక్షల త్రిభుజాలకు చేయాలి. అంటే ఒక్కొక్క బొమ్మకు సెకనులో అరవయ్యవ వంతు వ్యవధి మాత్రమే. ఇంత వేగంగా లెక్క కట్టటానికి ప్రత్యేకమైన ఎలక్ట్రానిక్ పలకలు పుట్టాయి. ఒకప్పుడు ఇటువంటి బొమ్మలు గీసే యంత్రాలను సైన్యాలు, విమాన సంస్థలు మాత్రమే కొనగలిగేవి. 1990 తరువాత ఇంటింటా ఆటలు ఆడేవారు కోట్ల సంఖ్యలో పెరగటంతో ఆ పలకలు చవక అయినాయి. సైన్యం ఆటల అంగడికి రావటానికి ఇదే ముఖ్య కారణం.

బొమ్మలు గీయటం, వస్తువులు ఒకదానికొకటి తగిలితే ఏమవుతుందో కట్టటం, ధ్వని వినిపించటం, అనేక మందిని ఒకే స్థలంలో కలపటం - ఈ పనులన్నీ చేసే మూల ప్రోగ్రామును గేమ్ ఇంజను అంటారు. లారీకి ఇంజను ఎట్లాగో ఆటకు ఇది అట్లాగే. ఒకే ఇంజనును మామిడిపండ్ల లారీకి బిగించవచ్చు, అగ్నిమాపక శకటానికీ బిగించవచ్చు.

ఒకే ఇంజను, రెండు బండ్లు

ఇది ఉపమానం మాత్రమే కాదు. చరిత్రలో నిజంగా జరిగినదే. 1980లో అమెరికాలోని అటారీ కంపెనీ "బ్యాటిల్‌జోన్" అనే ట్యాంకు ఆటను విడుదల చేసింది. ఆకుపచ్చని గీతలే అందులో కొండలు, గీతలే ట్యాంకులు. సైన్యం వారు దానిని చూచి, బ్రాడ్లీ అనే సాయుధ శకటం మీది తుపాకి గురి నేర్పటానికి తగినట్లు మార్చి ఇమ్మని అడిగారు. ఆటను రాసిన ఎడ్ రాట్‌బర్గ్‌కు ఆ పని ఇష్టం లేదు. అయినా నమూనా తయారయింది. ఆటలో ట్యాంకు పరుగెత్తుతుంది. నమూనాలో శకటం కదలదు, తుపాకి మాత్రమే తిరుగుతుంది. వినోదానికి పరుగు కావాలి, గురి నేర్పటానికి అక్కరలేదు. ఆ యంత్రం విస్తృతంగా వాడుకలోకి రాలేదు గాని, దారి తెరచుకున్నది.

1996లో అమెరికా మెరీన్ దళం వారు "డూమ్ 2" అనే ప్రసిద్ధమైన ఆటను మార్చి, రాక్షసులకు బదులు శత్రు సైనికులను పెట్టారు. నలుగురు సభ్యుల చిన్న దళం ఒకరినొకరు కాపాడుకుంటూ ముందుకు సాగటం నేర్చుకోవటానికి దానిని ఉపయోగించారు. చెక్ దేశపు బొహీమియా ఇంటరాక్టివ్ సంస్థ 2001లో "ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్" అనే ఆటను విడుదల చేసింది. దాని ఆధారంగానే "వర్చువల్ బ్యాటిల్‌స్పేస్" అనే సైనిక శిక్షణ ప్రోగ్రాము పుట్టింది. అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ మొదలైన దేశాల సైన్యాలు దానిని స్వీకరించాయి.

విమానాల సంగతి కూడా ఇంతే. మైక్రోసాఫ్ట్ సంస్థ 1982 నుండి అమ్ముతూ వచ్చిన "ఫ్లైట్ సిమ్యులేటర్" ఇంటి ఆట. ఆ ప్రోగ్రాము హక్కులను 2009లో లాక్‌హీడ్ మార్టిన్ అనే యుద్ధవిమానాల సంస్థ పొంది, "ప్రిపేర్డ్" అనే పేరుతో శిక్షణ సాధనంగా మార్చింది. ఎదురు ప్రయాణం కూడా ఉన్నది. ఏ-10 అనే యుద్ధవిమానం పైలట్ల కోసం ఈగిల్ డైనమిక్స్ అనే సంస్థ శిక్షణ ప్రోగ్రాము తయారు చేసింది. దాని ఆధారంగానే 2011లో ఇంటి ఆట వెలువడింది. చేతి పరికరాల విషయంలోనూ ఇచ్చిపుచ్చుకోవటం ఉన్నది. 2018లో అమెరికా నౌకాదళంలో చేరిన కొలరాడో అనే జలాంతర్గామిలో పెరిస్కోపు స్థానంలో ఉండే కెమెరాను తిప్పటానికి పిల్లలు ఆడుకునే ఎక్స్‌బాక్స్ మీటనే అమర్చారు. కుర్ర నావికులకు ఆ మీట చిన్ననాటి నుండి అలవాటే కనుక, ప్రత్యేకంగా నేర్పవలసిన పని తగ్గింది.

ఉల్లిగడ్డల బస్తా, జైల్‌ఖానా గోడ

ఇంజను ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ? మళ్లీ మన మార్కెట్‌కే పోదాం.

అభ్యాసం కోసం ఒక సన్నివేశం ఊహించండి. తెర మీది మోండా మార్కెట్‌లో ఒక సాయుధుడు దూరాడు. అతనిని పట్టుకోవటానికి వచ్చిన సైనికునికి మూడు చాటులు కనపడుతున్నవి: టమాటా తట్టల వరుస, దుకాణం రేకు తలుపు, పక్కనున్న పాత జైల్‌ఖానా మందపాటి గోడ. సాధారణమైన ఆటలో మూడింటిలో ఏ చాటున నిలిచినా ఫలితం ఒకటే కావచ్చు. ఆట రాసినవాడు తట్టకు కూడా "తూటా దూరని వస్తువు" అని గుర్తు పెట్టి ఉంటే, తట్ట కూడా కోటగోడే!

నిజంలో అట్లా కాదు. వెదురు తట్టను, పలుచని రేకును, చెక్క పలకను రైఫిలు తూటా సులభంగా దాటిపోతుంది. మందమైన గోడను దాటలేదు. కంటికి కనపడకుండా చేసేది చాటు. తూటాను ఆపేది అడ్డు. ప్రతి చాటూ అడ్డు కాదు. ఈ భేదాన్ని సైనికునికి మొదటి పాఠాల్లోనే నేర్పుతారు. వంద గంటలు ఆట ఆడి, తట్ట వెనుక కూర్చుంటే క్షేమమని అలవాటు పడినవాడు నిజమైన ఆపదలో ఏమి చేస్తాడు? ఆలోచించే వ్యవధి లేనప్పుడు మనిషి అలవాటు చెప్పినట్లే చేస్తాడు. కనుక తట్ట వైపే పరుగెత్తుతాడు. ఏమీ నేర్చుకోనివాని కంటె తప్పుగా నేర్చుకున్నవాడే ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు. శిక్షణ శాస్త్రంలో దీనిని "వ్యతిరేక శిక్షణ" అంటారు.

తూటా ప్రయాణాన్నే తీసుకోండి. అనేక ఆటల్లో మీట నొక్కిన క్షణంలోనే, తుపాకి గొట్టం నుండి గీసిన సరళరేఖ దేనిని తాకితే దానికి దెబ్బ తగిలినట్లు లెక్క. నిజమైన తూటాకు కాలం పడుతుంది. సెకనుకు 800 మీటర్ల వేగంతో బయలుదేరిన తూటా 400 మీటర్ల దూరం పోవటానికి, గాలి నిరోధాన్ని లెక్కించకపోయినా, అర సెకను కావాలి. ఆ అర సెకనులో గురుత్వాకర్షణ దానిని ఎంత కిందికి లాగుతుంది?

పతన దూరం = ½ × 9.8 × 0.5 × 0.5 = 1.225 మీటర్లు.

అంటే మనిషి ఛాతీకి సరిగా గురి పెట్టి, గొట్టాన్ని సమతలంగా ఉంచి పేల్చితే, తూటా కాళ్ల దగ్గర పడుతుంది. గాలి నిరోధాన్ని కలిపితే కాలం పెరిగి, పతనం ఇంకా ఎక్కువవుతుంది. అదే అర సెకనులో, సెకనుకు ఒకటిన్నర మీటరు వేగంతో నడిచే మనిషి 75 సెంటీమీటర్లు పక్కకు జరిగిపోతాడు. శిక్షణ యంత్రం ఈ లెక్కలన్నీ వేయాలి. ఏ తుపాకికి ఏ తూటాకు ఎంత వేగమో, ఎంత నిరోధమో కొలిచిన పట్టికలను వాడాలి. ఆ ఫలితాలను నిజమైన మైదానంలో పేల్చి చూచిన ఫలితాలతో సరిపోల్చాలి. పోలిక కుదరకపోతే బొమ్మలు ఎంత అందంగా ఉన్నా అది శిక్షణకు పనికిరాదు.

ఇంకొక సంగతి మరచిపోరాదు. మార్కెట్‌లో జనం ఉంటారు. ఆటలో జనం తరచుగా కేవలం అలంకారం. శిక్షణలో వారే ముఖ్యం. చేతిలో తక్కెడ పట్టుకున్నవాడు ఎవడు, తుపాకి పట్టుకున్నవాడు ఎవడు అని క్షణంలో గుర్తించి, పేల్చకుండా ఉండటం కూడా నేర్చుకోవలసిన విద్యే. ఆటలో పేల్చినందుకు మార్కులు వస్తాయి; మంచి శిక్షణలో పేల్చకుండా నిగ్రహించుకున్నందుకు కూడా మార్కులు ఉంటాయి.

కాబట్టి అసలు పరీక్ష ఇది: మనం తప్పు చేస్తే లోకం ఎట్లా జవాబు చెబుతుందో, యంత్రం కూడా అట్లాగే జవాబు చెబుతున్నదా? చెబితే అది శిక్షణ యంత్రం. చెప్పకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్నా అది ఆటవస్తువే.

నూరు ట్యాంకులు, ఒక్క రణరంగం

ఆటల నుండి సైన్యం తెచ్చుకున్నట్లే, సైనిక పరిశోధనలో రూపుదిద్దుకున్న పద్ధతులు కొన్ని నేటి ఆటల్లోనూ కనపడతాయి. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ 1983లో "సిమ్‌నెట్" అనే పథకాన్ని ప్రారంభించింది. వేరువేరు ఊళ్లలో ఉన్న ట్యాంకు శిక్షణ యంత్రాలను తీగలతో కలిపి, అందరినీ ఒకే ఊహా రణరంగంలో నిలపటం దాని ఉద్దేశం.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. నూరు ట్యాంకులు ఉన్నవి, తెర మీది బొమ్మ సెకనుకు 15 సార్లు మారుతుంది అనుకుందాం. ప్రతి ట్యాంకూ "నేను ఇక్కడ ఉన్నాను" అని ప్రతిసారీ కబురు పంపితే సెకనుకు 1500 కబుర్లు. నాటి తీగలు ఆ బరువును మోయలేవు. ఇందుకు నావికుల పాత ఉపాయం అక్కరకు వచ్చింది. నడిసముద్రంలో గుర్తులేమీ కనపడనప్పుడు నావికుడు తన వేగాన్ని, దిశను, గడచిన కాలాన్ని బట్టి తాను ఎక్కడ ఉన్నదీ అంచనా కట్టుకుంటాడు. దీనినే డెడ్ రెకనింగ్ అంటారు.

ట్యాంకు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్ల వేగంతో, తిన్నగా పోతున్నదనుకోండి. ఒక్కసారి స్థానం, వేగం చెబితే చాలు. మిగతా యంత్రాలన్నీ దాని స్థానాన్ని తామే లెక్కించుకుంటాయి. ట్యాంకు కూడా తనను గురించి ఇతరులు కట్టే అంచనాను తానే కట్టి చూచుకుంటుంది. నిజానికి, అంచనాకు ఒక మీటరు తేడా వస్తేనే కొత్త కబురు పంపుతుంది. డ్రైవరు సెకనుకు సెకనుకు 2 మీటర్ల త్వరణంతో పక్కకు తిప్పాడనుకుందాం. తేడా ½ × 2 × 1 × 1 = 1 మీటరు కావటానికి ఒక సెకను పడుతుంది. అంటే మలుపులో కూడా సెకనుకు 15 కబుర్లకు బదులు సుమారు ఒక్కటి చాలు. తిన్నగా పోయేటప్పుడు కొన్ని సెకన్లకు ఒకసారి "ఉన్నాను" అని చెబితే సరిపోతుంది.

వేరువేరు ఊళ్లలో ఉండి ఫోనులో కలిసి ఆడుకునే ఆటల్లోనూ ఇటువంటి అంచనా పద్ధతులే పనిచేస్తాయి. నెట్‌వర్కు సరిగా లేనప్పుడు ఎదుటి ఆటగాడు ఒక్కసారిగా ఇక్కడి నుండి అక్కడికి ఎగిరినట్లు కనపడటం మీరు గమనించి ఉంటారు. అంచనా తప్పి, ఆలస్యంగా వచ్చిన కబురును బట్టి యంత్రం సరిదిద్దుకున్నదన్నమాట.

శిక్షకుని బల్ల

శిక్షణ యంత్రంలో అభ్యాసి కంటికి కనపడని భాగం ఒకటి ఉన్నది. అదే శిక్షకుని బల్ల.

గురి నేర్పే యంత్రాన్ని చూడండి. తుపాకి బరువు, ఆకారం అసలు తుపాకివే. గొట్టంలో తూటాకు బదులు కంటికి కనపడని కాంతికిరణాన్ని పంపే చిన్న లేజరు ఉంటుంది. తెర మీద ఆ కిరణం ఎక్కడ పడినదీ ఒక కెమెరా కనిపెట్టి కంప్యూటరుకు చెబుతుంది. కొన్నింటిలో పేల్చినప్పుడు భుజాన్ని తన్నే అదురును వాయుపీడనంతో కలిగిస్తారు. మీట నొక్కక ముందు గొట్టం ఎట్లా వణికింది, నొక్కిన క్షణంలో ఎటు తొలగింది అనే సంగతి గీతగా నమోదు అవుతుంది. గురి తప్పిందని చెప్పటం ఆట పని. ఊపిరి బిగపట్టకుండా మీటను గుంజినందువల్ల తప్పిందని చూపటం శిక్షణ పని.

సన్నివేశం ముగిసిన తరువాత శిక్షకుడు మొత్తం నడిచిన కథను మళ్లీ తెర మీద నడిపిస్తాడు. "ఇక్కడ నీవు ఎందుకు ఆగావు? అప్పుడు నీకు ఏమి కనపడింది? నీ తోటివాడు ఎక్కడ ఉన్నాడనుకున్నావు?" అని అడుగుతాడు. ఈ సమీక్షలోనే అసలు చదువు జరుగుతుంది. 

సిమ్యులేటర్ల వల్ల లాభాలు స్పష్టమే. తూటాలు, ఇంధనం ఆదా అవుతాయి. యంత్రాలు అరగవు. ప్రాణాపాయం లేకుండా ప్రమాద సన్నివేశాన్ని ఎన్నిసార్లయినా అభ్యసించవచ్చు. 2021 సెప్టెంబరులో మన రక్షణ మంత్రిత్వశాఖ సాయుధ దళాల్లో సిమ్యులేటర్ల వాడకాన్ని పెంచటానికి ఒక మార్గదర్శక ప్రణాళికను ప్రకటించటానికి కారణం ఇదే. అయితే వీటికి హద్దు కూడా ఉన్నది. యంత్రం ఎండను చూపగలదు, ఎండదెబ్బను తగిలించలేదు. మూడు రోజులు నిద్రలేని అలసటను, పక్కవాడు కూలినప్పటి గుండెదడను అది ఇవ్వలేదు. అందుచేత మైదానంలో చేసే అభ్యాసం నేటికీ తప్పదు.

ఆట వార్త అయినప్పుడు

ఇంతవరకు సైనికుని సంగతి. ఇక మన సంగతి. ఆటల బొమ్మలు శిక్షణకు చాలినంత నిజంగా కనపడుతున్నవంటే, మోసానికి కూడా చాలినంత నిజంగా ఉన్నట్లే.

బొహీమియా సంస్థ 2013లో విడుదల చేసిన "ఆర్మా 3" అనే ఆటలోని దృశ్యాలను అనేకసార్లు నిజమైన యుద్ధ దృశ్యాలుగా ప్రచారం చేశారు. 2021 సెప్టెంబరులో ఆఫ్గనిస్తాన్‌లోని పంజ్‌షీర్ లోయలో జరిగిన వైమానిక దాడి అంటూ ఆ ఆట దృశ్యాన్ని మన దేశంలోని కొన్ని టెలివిజన్ చానళ్లే ప్రసారం చేశాయి. ఉక్రెయిన్ యుద్ధ కాలంలో ఈ బెడద మరింత పెరిగింది. చివరకు 2022 నవంబరులో ఆ సంస్థే, ఇటువంటి దృశ్యాలను ఎట్లా గుర్తించాలో వివరిస్తూ ఒక ప్రకటన చేసింది.

గుర్తులు ఇవి. బొమ్మ మసకగా, చిన్నదిగా ఉంటుంది. తెరను మళ్లీ ఫోనుతో తీసినట్లు వణుకుతుంది. తరచుగా రాత్రి దృశ్యమై ఉంటుంది. ధ్వని ఉండదు. మనుష్యుల కదలిక కనపడదు, ఎందుకంటే యంత్రాలను నిజంగా చూపటం తేలిక, మనిషి నడకను నిజంగా చూపటం కష్టం. పొగ, దుమ్ము, నిప్పురవ్వలు అసహజంగా ఉంటాయి. ఇటువంటి దృశ్యం ఫోనులోకి వచ్చినప్పుడు దానిని మరొకరికి పంపకముందు ఈ గుర్తులను వెదకటం చదువుకున్నవారి కనీస ధర్మం. సరిహద్దుల్లో ఉద్రిక్తత ఉన్న రోజుల్లో ఒక్క దొంగ దృశ్యం ఎంత కలత రేపగలదో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

తరగతి గదిలో ఒక ప్రయోగం

ఆట శిక్షణగా మారటం ఎట్లాగో తెలుసుకోవటానికి కంప్యూటరు అవసరం లేదు. మూడు పులిజూదం పటాలు, కొన్ని చింతగింజలు, ఆరు గులకరాళ్లు చాలు.

ఇద్దరు విద్యార్థులను వీపులు ఆనించి కూర్చోబెట్టండి. ఒకరికి పులులు, ఒకరికి మేకలు. ఎవరి పటం మీద వారి పావులే ఉంటాయి. ఉపాధ్యాయుడు మూడవ పటం మీద రెండు పక్షాల నిజమైన స్థానాలను ఉంచుకుని, ప్రతి ఎత్తునూ కాగితం మీద రాయాలి. రైస్విట్జ్ చెప్పిన మధ్యవర్తి ఇతడే. ఎదుటి పావు తమ పావుకు పక్క గడిలోకి వచ్చినప్పుడు మాత్రమే ఆ సంగతి ఆటగానికి చెప్పాలి. ఆటగాడు ఎదుటి పావులు ఎక్కడ ఉన్నవనుకుంటున్నాడో తన పటం మీద సుద్దతో గుర్తు పెట్టుకోవాలి.

పది ఎత్తుల తరువాత ఆపి మూడు పటాలనూ పక్కపక్కన పెట్టండి. ఊహించిన స్థానానికి, నిజమైన స్థానానికి ఎన్ని గడుల తేడా వచ్చిందో లెక్కించండి. తరువాత రాసిపెట్టిన కాగితాన్ని బట్టి ఆటను మొదటి నుండి నడిపిస్తూ, ఏ ఎత్తు దగ్గర అంచనా తప్పిందో, ఎందుకు తప్పిందో విద్యార్థుల చేతనే చెప్పించండి. గెలిచిన పక్షం కూడా తన తప్పులను చెప్పాలి.

ఆ చర్చ మొదలైన క్షణం నుండి మీ ముందున్నది కేవలం ఆట కాదు. మోండా మార్కెట్‌లో బస్తా మీది కుర్రవాని ఫోనులో బొమ్మలు, లెక్కలు, తీగలు అన్నీ ఉన్నవి. ఈ చర్చ ఒక్కటే లేదు.